మూడు కొట్టి ఆగు

ఆ ఎండాకాలం ఎవరూ కొట్టని తలుపుని మా ఆవిడ రోజుకి నాలుగైదుసార్లు తీసింది.

ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేది. మెడ తిప్పి వినేది. ఒళ్లో గుడ్డముక్కలు పక్కన పెట్టి, వెళ్లి గడియ తీసేది. బయట ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, తలుపు వేసి, లోపలి గదిలో బల్ల దగ్గర కూర్చున్న నా వైపు తిరిగి, "ఎవరో పనీపాటా లేనివాళ్లు" అనేది. ఆ మాటని పెదవుల మీద చదివి తలాడించేవాణ్ని.

చప్పుడు మీకూ వినపడిందా అని ఆమె ఒక్కసారీ అడగలేదు. నా చెవులు పోయాయన్న సంగతి ఈ భూమ్మీద అందరికంటే ముందు తెలిసింది ఆమెకే.

ఇరవై ఆరేళ్లుగా నేను కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటర్ని. ఆపిల్ పెట్టెలు నిలవ ఉంచే గదులు ఆరు, వాటిని చల్లగా ఉంచే కంప్రెసర్లు మూడు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే మా హమాలీలు రెండేసి స్వెట్టర్లు తొడుక్కుని పెట్టెలు మోస్తుంటారు. గంటకోసారి మీటర్లు చూసి పుస్తకంలో ఎక్కించడం ఎవరైనా చేస్తారు. అసలు పని వినడం. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని బేరింగు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెడితే మిషను కడుపులో సంగతంతా తెలుస్తుంది. అలా విని, ఇది ఇంకో వారం నడుస్తుంది, అది ఈ సాయంత్రమే ఆగుతుంది అని చెప్పేవాణ్ని. చెప్పింది చెప్పినట్టు జరిగేది. హమాలీల మేస్త్రీ నాకు "డాక్టరు" అని పేరు పెట్టాడు. ఆ పేరంటే నాకు చాలా గర్వం, దాచుకోవడం ఎందుకు?

ఆ మిషన్లే నా చెవులు తినేశాయి. ముందు పిట్టల అరుపులు పోయాయి. తర్వాత ప్రెషర్ కుక్కరు కూత. ఒకరోజు ఇంటికొస్తే మా ఆవిడ కుట్టుకుంటూ ఉంది. సూది పైకీ కిందికీ ఆడుతోంది, పాదం తొక్కుతోంది, చప్పుడు మాత్రం లేదు. ఆ మిషనుకి నూనె కావాలో అక్కర్లేదో వీధి మొగలోంచే చెప్పగలిగినవాణ్ని. గుమ్మంలోనే నిలబడిపోయాను. అంత భయం నాకు ముందెప్పుడూ వెయ్యలేదు.

ఆపరేటరుకి చెవులు బాగుండాలని కంపెనీ ఏటా పరీక్ష పెడుతుంది. హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటారు. పరీక్ష చేసే అమ్మాయి బటన్ నొక్కినప్పుడల్లా ఆమె భుజం కాస్త కదిలేది. అది ఎదురుగా ఉన్న అద్దాల అల్మారాలో కనపడేది. ఆ భుజాన్ని నమ్ముకుని రెండేళ్లు పాసయ్యాను. తప్పే. గ్యాసు లీకైతే మోగే అలారానికి ఎర్రదీపం కూడా ఉందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఇంకొక్క ఏడాది ఉంది. ఆ ఏడాది లాగితే చాలు, తర్వాత నేనే దిగిపోతానని మా ఆవిడకి మాటిచ్చాను.

లాగడానికి దారి చూపించింది మా అమ్మాయే, తెలియకుండా. సెలవులకి వచ్చినప్పుడు, "నాన్నా, మీ మిషన్లని అంత ముద్దు చేస్తారు కదా, వాటికో పేజీ పెట్టండి" అని నా ఫోన్లో పేజీ తెరిచి, "ఈరోజు చప్పుడు" అని పేరు కూడా పెట్టి వెళ్లిపోయింది. ఒకరోజు రెండో నంబరు కంప్రెసర్ శబ్దం ఒక నిమిషం రికార్డు చేసి, "ఇందులో మీకేం వినపడుతోంది?" అని రాసి పెట్టాను. ఊరికే, ఉబుసుపోక.

ఎక్కడెక్కడి మిషన్ రూముల్లోంచో జవాబులొచ్చాయి. ఐసు ఫ్యాక్టరీల వాళ్లు, చేపల పడవల వాళ్లు, పాల డెయిరీల వాళ్లు. అందరికంటే సూక్ష్మంగా వినేవాడు ఒకడుండేవాడు. పేరు గ్రీజు డబ్బా, బొమ్మ కూడా గ్రీజు డబ్బాయే. "వాల్వు ప్లేటు పగిలిందన్నా, ఇవాళే విప్పు" అని రాశాడు. విప్పాను. ప్లేటు అడ్డంగా పగిలి ఉంది. మేనేజరు నా భుజం తట్టి, "నీ చెవులకి ఇన్సూరెన్స్ చేయించాలయ్యా" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఊరివాళ్ల చెవులతో డాక్టర్ని. మిషన్ కొంచెం తేడాగా వణికితే రికార్డు చేసి పెట్టడం, జవాబు చదివి పానా పట్టుకోవడం. పేజీ చూసేవాళ్లు వేలల్లోకి వెళ్లారు. అది కంపెనీకి తెలిస్తే ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు. చప్పుడుకి మొహం ఉంటుందా, ఎవరు గుర్తుపడతారు అనుకున్నాను.

నాలుగో గది సంగతి చెప్పేముందు, మా తలుపుల గురించి చెప్పాలి.

గది తలుపు జానెడు మందం. గడియ బయట ఉంటుంది. లోపల మనిషి ఉండగా గడియ పడితే అరిచినా బయటికి వినపడదు. అందుకని పాతకాలం నుంచీ మాకో పద్ధతి ఉంది. గడియ వేసేముందు తలుపు మీద మూడు కొట్టి ఆగాలి. లోపల ఎవరైనా ఉంటే రెండు కొట్టాలి. ఇప్పుడు లోపల అలారం బటన్లు వచ్చాయి, కొత్తవాళ్లు కొట్టరు. మేం పాతవాళ్లం మూడు కొట్టనిదే గడియ ముట్టుకోం. ఈ పద్ధతి ఎందుకొచ్చిందని చేరిన కొత్తలో మేస్త్రీని అడిగాను. "ఎవరో ఉండిపోయారంట, నేను చేరకముందు. బతికుండగానే తీశారంటారు కొందరు. ఇంకో మాట కూడా అంటారు" అన్నాడు. ఏ గదిలో అని అడిగితే టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో నాలుగో గది ఫ్యాన్ మీద నాకు అనుమానం వచ్చింది. మధ్యాహ్నం హమాలీలు భోజనానికి వెళ్లినప్పుడు, మూసిన తలుపుకి ఎడంచేత్తో ఫోను ఆనించి నిమిషం రికార్డు చేసి పెట్టేశాను.

సాయంత్రం జవాబులు చూశాను. గ్రీజు డబ్బా రాశాడు: "ఫ్యాన్ బాగానే ఉందన్నా. లోపల ఎవరున్నారు?"

దాని కింద ఇంకొకరు: "నాకూ వినపడింది. కొడుతున్నారు." ఇంకొకరు: "నలభయ్యో సెకను దగ్గర. తలుపు తియ్యండి ముందు." ఆ రోజు సాయంత్రం తలుపు తీసి పెట్టెలు దించారు, మళ్లీ వేశారు. హాజరు పుస్తకంలో వచ్చినవాళ్లందరూ వెళ్లినట్టు సంతకాలున్నాయి. అన్నీ నా కళ్లతో చూశాను. 

అయినా ఇంటికి రాగానే ఫోను మా ఆవిడకిచ్చాను. చెవిలో పెట్టుకుని వింది. నలభయ్యో సెకను దగ్గర ఆమె చూపు నా మీంచి గోడ మీదికి వెళ్లింది.

"మూడు" అంది, వేళ్లు చూపించి. "ఆగి, రెండు."

"గట్టిగానా?"

"మూడు దగ్గరగా ఉన్నాయి. రెండు దూరంగా, సన్నగా, ఎవరో ఒంట్లో ఓపిక లేక కొట్టినట్టు." ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. "తెల్లారగానే వెళ్లి తలుపు తీయించండి."

పొద్దున్నే వెళ్లి మేస్త్రీతో తీయించాను. ఎందుకని అడిగితే ఫ్యాన్ అన్నాను. వరసల మధ్య టార్చి వేసుకుని ఇద్దరం వెతికాం. పెట్టెలు, మంచు, మా ఊపిరి ఆవిర్లు. ఎవరూ లేరు. తలుపు వేయించి, చప్పుడు పోయిందో లేదో చూద్దామనుకున్నాను.

ఇక్కడే నేను చేసిన పొరపాటు. చెవులున్నవాడైతే చెవి పెట్టి వింటాడు, మేస్త్రీ చేత చెవి పెట్టించినా సరిపోయేది. నేను అలవాటు కొద్దీ మళ్లీ రికార్డు చేసి, "ఇప్పుడుందా?" అని రాసి పేజీలో పెట్టాను. నాకు చెవులంటే అప్పటికి ఆ పేజీయే.

చిలికి చిలికి గాలివాన అయింది. "ఇప్పుడుందా?" అన్న ఆ ఒక్క మాట లక్ష ఫోన్లకి పాకింది. తలుపు వెనక మనిషిని పెట్టుకుని వీడు పరాచికాలాడుతున్నాడన్నారు. దెయ్యమన్నారు. రికార్డుకి జతగా నేను పెట్టిన ఫోటోలో తలుపు మీద కంపెనీ ముద్ర మూలగా కనపడుతోందని ఎవరో పట్టేశారు. ముద్రలో పేరు సగమే ఉన్నా గుర్తుపట్టేవాళ్లు గుర్తుపట్టారు. మూడోరోజుకి గేటు దగ్గర కెమెరాలు పట్టుకున్నవాళ్లు, లోపల సరుకున్న వ్యాపారులు, తప్పిపోయిన తమ్ముడి ఫోటో పట్టుకుని ఒక ముసలాయన. ఆ ముసలాయన ఎవరినీ ఏమీ అడగలేదు, ఫోటో గేటు కమ్మీల్లోంచి లోపలికి చూపిస్తూ నిలబడ్డాడు. ఆయన్ని చూసి నేను వెనకదారిన వెళ్లాను.

నడిమధ్యాహ్నం ఎండలో నాలుగో గది మొత్తం ఖాళీ చేయించారు. పెట్టెలు బయటికి వచ్చీ రాగానే పళ్లన్నీ తడితో మెరిశాయి, నీళ్లు ధారలు కట్టాయి. ఆఖరి వరస తీసేటప్పుడు హమాలీలు ఎవరూ మాట్లాడుకోలేదని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసింది. వరస వెనక గోడ ఉంది. గోడ మీద మంచు. అంతే.

మేస్త్రీ నా పక్కకొచ్చాడు. "డాక్టరూ, నువ్వు విన్నావా?" అన్నాడు.

నేను తల తిప్పేసుకున్నాను.

మర్నాడు మేనేజరు గదికి పిలిచారు. మేనేజరు, ఆఫీసు నుంచి వచ్చిన ఒక లాయరమ్మ. కూర్చోమన్నారు. చేతులున్న చెక్క కుర్చీ. ఆయన కాగితాలు సర్దుకుంటూ ఉన్నట్టుండి తలెత్తి తలుపు వైపు చూసి, "రండి" అన్నాడు. ఎవరూ రాలేదు. కాసేపటికి లాయరమ్మ కూడా తలుపు వైపు చూసింది. మేనేజరు విసుగ్గా లేచి వెళ్లి తలుపు తీశాడు. వసారా ఖాళీ. ఆయన తిరిగొచ్చి కూర్చున్నప్పుడు మొహంలో రంగు లేదు. ఆ మూడు రోజుల్లో అందరికీ అలాగే ఉందిలే అనుకున్నాను.

"పేజీ నీదేనా?"

"నాదే."

"పని చేసే చోటు రికార్డులు బయటపెట్టకూడదని తెలుసా?"

"చప్పుళ్లే కదండీ."

లాయరమ్మ ముందుకి వంగింది. ఆమె పెదవులు చదవడం తేలిక, ప్రతి మాటా విడిగా పలుకుతుంది. "ఒక్కటే ప్రశ్న. మొదటి రికార్డు తీసినప్పుడు ఆ చప్పుడు మీకు వినపడిందా, లేదా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది. వినపడిందంటే, విని కూడా తలుపు తియ్యకుండా ఫోటోలకి ఎగబడేవాడిలా రికార్డు చేసుకుని పోయినవాణ్ని అవుతాను. వినపడలేదంటే, లక్షమందికి వినపడింది మిషన్ ఆపరేటరుకి ఎందుకు వినపడలేదు? ఏ జవాబు చెప్పినా ఉద్యోగం ఉండదు. ఆమెకి అది తెలుసు, అందుకే ఒక్కటే ప్రశ్న అడిగింది. అమ్మాయికి ఇంకో ఏడాది ఉందని గుర్తొచ్చింది. గేటు దగ్గర ముసలాయన గుర్తొచ్చాడు. చెవిటివాడనిపించుకోవచ్చు. తలుపు తియ్యనివాడు అనిపించుకోవడం మాత్రం నా వల్ల కాదు.

"వినపడలేదు" అన్నాను. "నాకు రెండేళ్లుగా ఏదీ వినపడటం లేదు."

మేనేజరు కలం కింద పెట్టాడు. కిటికీలోంచి మంచినీళ్ల ట్యాంకరు కనపడుతోంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు కాబోలు, గేటు దగ్గర జనం పక్కకి జరుగుతున్నారు.

నన్ను పనిలోంచి ఇంటికి పంపేసిన పదిరోజుల తర్వాత మొదలైంది మా ఇంట్లో అసలు సంగతి. అంతకుముందు సాయంత్రాలు ఒకటి రెండుసార్లు తలుపు తీసే మా ఆవిడ, నేను పగలంతా ఇంట్లో ఉండటం మొదలెట్టాక మరీ ఎక్కువగా తియ్యసాగింది. మాకు గిట్టనివాళ్లు ఎవరైనా ఆట పట్టిస్తున్నారనుకుంది. ఒకరోజు తలుపు వెనకే నిలబడి, చప్పుడు కాగానే తీసింది. ఎవరూ లేరు. వచ్చి నా ఎదురుగా కూర్చుని నా మొహం చూసింది. ఆమె భయపడటం నాకు కొత్త. పెళ్లైన కొత్తలో ఇంట్లోకి పాము వస్తే చీపురుతో తోసేసి వంట చేసుకున్న మనిషి.

"అది మీతోపాటు ఇంటికొచ్చేసింది" అంది.

"ఏది?"

"ఏదో. మీ నాలుగో గదిది." ఆ మాట అన్నందుకు తనకే సిగ్గేసినట్టుంది, వెంటనే లేచింది. "నాకు పిచ్చెక్కుతోంది. ముందుగదిలో ఒక్కదాన్నీ కూర్చోను. మిషను లోపల వేసుకుంటా."

ఇద్దరం కుట్టుమిషను మోసుకొచ్చి బల్లకి ఎదురుగా వేశాం. ఆ మధ్యాహ్నం నేను బల్ల దగ్గర కూర్చుని వాకిలి తలుపు వైపు చూస్తున్నాను. ఉద్యోగం పోయిన మగాడికి ఇంట్లో చూడటానికి ఏముంటుంది? పేజీలో నా మీద పడుతున్న తిట్లు అప్పటికే చదివేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను అందులో నోరెత్తిందే లేదు, అయినా ఊరంతా మీద పడింది. అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చిందని, పేజీ తనవల్లే వచ్చిందంటోందని, చదువు ఆపేసి ఏదైనా పని చూసుకుంటానందని మా ఆవిడ కాగితం మీద రాసి చూపించింది. వద్దని చెప్పు, నా స్క్రూడ్రైవర్ మీద ఒట్టని చెప్పు అన్నాను. నవ్వుతుందేమోనని అన్నాను. అది నవ్విందో లేదో నాకెలా తెలుస్తుంది?

అలా కూర్చుని ఉండగా ఆమె మిషను తొక్కడం ఆపింది. మెడ తిప్పబోయి సగంలో ఆగింది. లేవలేదు. నా వైపు చూస్తోంది. నా మొహం కాదు, కిందికి.

నెమ్మదిగా వచ్చి, బల్ల మీదున్న నా కుడిచేతి మీద తన చెయ్యి వేసి అదిమిపెట్టింది.

"మీరే" అంది. "మీరే కొడుతున్నారు."

నాకు అర్థం కాలేదు. చెయ్యి తీసి, "మళ్లీ ఆలోచనలో పడండి" అంది. అది ఎవరి వల్ల అవుతుంది? కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నాలుగో గది గడియ గుర్తొచ్చింది, హమాలీలు పెట్టెలు దించడం గుర్తొచ్చింది, కిందికి చూస్తే నా నడిమి వేలి కణుపు తలుపు మీద కొట్టినట్టు బల్ల మీద కొడుతోంది. ఒకటి, రెండు, మూడు. ఆగుతోంది. నాకు చెప్పకుండా, నన్ను అడగకుండా, ఇరవై ఆరేళ్ల అలవాటు తన పని తాను చేసుకుపోతోంది. చప్పుడు వినపడితే కదా మానేది!

ఆమె నవ్వింది. ఏడ్చింది. రెండూ ఒకేసారి చేసింది. నేనూ నవ్వాను. మేనేజరు వసారాలోకి తొంగిచూసిన మొహం గుర్తొచ్చి ఇంకా నవ్వాను. ఎడంచేత్తో ఫోను ఆనించి, కుడిచేత్తో తలుపు కొట్టి, ఆ చప్పుడు లక్షమందికి వినిపించి, నా ఉద్యోగం నేనే ఊడగొట్టుకున్నాను. లోపల ఎవరూ లేరు. నాలుగో గదిలో ఎప్పుడూ ఎవరూ లేరు. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

నవ్వు ముందు ఆగింది ఆమెకి. ఫోను తీసుకుని, చెవిలో పెట్టుకుని పేజీలో మొదటినుంచీ వినడం మొదలెట్టింది. మిషన్లవి వదిలేసి, గదుల తలుపుల దగ్గర తీసినవన్నీ. ఒకటో గది, ఐదో గది, రెండో గది. ప్రతిదానికీ నావైపు మూడు వేళ్లు చూపించి తల ఊపింది. చివరికి నాలుగో గది. వింది. మళ్లీ వింది.

"అన్నిట్లో మూడే" అంది. "అవి మీవి. ఇందులో మూడు మీవే."

ఆ తర్వాత ఆమె పెదవులు కదలలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం దాకా ఇద్దరం ఆ గదిలోంచి లేవలేదు. మర్నాటి నుంచి మా ఆవిడ ఒక పని చేసేది. నా చెయ్యి మూడు కొట్టినప్పుడల్లా ఎక్కడున్నా వచ్చి, నా భుజం మీద వేలితో రెండు తట్టి పోయేది. పరాచికానికే. అలా తట్టకపోతే మాత్రం నాకు ఊపిరి ఆడేది కాదు.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. చెవుల పరీక్షలో చేసిన మోసం బయటపెట్టరు. రాజీనామా అని రాసుకుంటారు, రావలసినవి ఇచ్చేస్తారు, అమ్మాయి చదువు ఆగదు. బదులుగా వాళ్ల ఎదుటే పేజీ తీసేయాలి. కంపెనీ గురించిగానీ, అందులో వినపడినవాటి గురించిగానీ ఎక్కడా రాయను, చెప్పను, పెట్టను అని సంతకం చెయ్యాలి. చేశాను. పేజీ తీసేస్తారా అని ఫోను రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అవుననే నొక్కాను. అమ్మాయి చదువు ఎప్పుడో అయిపోయింది, ఉద్యోగం చేసుకుంటోంది. ఇక నాకు పోయేదేమీ లేదు కనుకే ఇదంతా రాస్తున్నాను.

కొత్త ఆపరేటరుకి మిషన్లు అప్పగించి వెళ్లమన్నారు. మిషన్ రూములో నా కోసం నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, చెవుల మీద వెంట్రుకలు, మాసిన చొక్కా జేబులో పిల్లల ఫోటో. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకు కనపడేలా మొహం ఎదురుగా పెట్టి, "అన్నా, నేనే. గ్రీజు డబ్బాని" అన్నాడు.

 అంతకాలం నా చెవులై ఉన్నవాడు.

"మా డెయిరీ మూసేశారన్నా, ఏడు నెలలు ఖాళీగా ఉన్నా. నీ పేజీలో నేను రాసినవన్నీ మీ మేనేజరు చదివాడంట. వెతికి పిలిపించాడు." తల దించుకున్నాడు. "నేను ఆ రోజు అలా రాయకుండా ఉండాల్సింది."

"విన్నావు, రాశావు. తప్పేముంది?" అన్నాను. నిజంగానే అన్నాను. నా పొడుగాటి స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెట్టాను. కంప్రెసర్లు ఒక్కొక్కటీ చూపించాను, ఏది మొండిదో, ఏది పిరికిదో చెప్పాను. తర్వాత గదులు. సరుకంతా వెళ్లిపోయింది, అన్నీ ఖాళీ. నాలుగో గది ఆఖరున తీశాం. దీపాలు వేసి ఇద్దరం చివరిదాకా నడిచాం. కింద పలచగా మంచు, మంచు మీద మా ఇద్దరి అడుగులే. గోడల దాకా వెళ్లి ముట్టుకుని వచ్చాం. బయటికొచ్చి తలుపు మూశాం.

అతను గడియ మీద చెయ్యి వేశాడు.

"ఆగు" అన్నాను. "ముందు మూడు కొట్టి ఆగాలి. ఇక్కడి పద్ధతి."

"లోపల బటన్లున్నాయి కదన్నా."

"ఉన్నాయి. కొట్టు."

నా ముచ్చట తీరుద్దామనుకున్నాడేమో, నవ్వి, మూడు కొట్టాడు. నా అరచెయ్యి తలుపు రేకు మీదే ఉంది. మూడూ తెలిశాయి నాకు. నా చేతులు రెండూ నా కళ్లెదుటే ఉన్నాయి, అతని చేతులూ ఉన్నాయి. ఆగాం.

అప్పుడు అరచేతికి తగిలింది. సన్నగా, జానెడు మందం అవతల నుంచి. ఒకటి. ఆగి, ఇంకొకటి.

అతని మొహం చూశాను. మా మిషన్లో పగిలిన వాల్వు ప్లేటుని ఎక్కడో కూర్చుని పట్టేసిన చెవులు అవి. నవ్వు పోయింది. తలుపు దగ్గర్నుంచి అడుగు వెనక్కి వేశాడు. చేత్తో జేబు మీద, పిల్లల ఫోటో ఉన్న చోట, తడుముకున్నాడు.

"విన్నావా?" అన్నాను.

 నా కోసం ఒక్కో మాటా విడదీసి, పెదవులు బాగా కదిపి చెప్పాడు.

"నాకేమీ వినపడలేదన్నా."

ఆ మాట చెప్పి నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను. అదే మాటతో అతను ఉద్యోగంలో చేరాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. గడియ తీయించి మళ్లీ లోపలంతా చూశాం, మంచు మీద మా పాత అడుగులు, మా కొత్త అడుగులు, అంతే. మళ్లీ మూసినప్పుడు మూడు కొట్టమని నేను చెప్పలేదు, అతనూ కొట్టలేదు. చటుక్కున గడియ వేసి, పుస్తకంలో టైము రాయడానికి వెళ్లిపోయాడు.

నేను ఒక్కణ్నే కాసేపు నిలబడ్డాను. జేబులో ఫోను ఉంది, అందులో పేజీ లేదు. చెప్పడానికి ఎవరూ లేరు. నా చెయ్యి ఈసారి నేను చెబితేనే లేచింది. భుజం మీద మా ఆవిడ తట్టినట్టుగా, మెల్లగా, తలుపు మీద రెండు తట్టాను. బయట కూడా ఒకడున్నాడని వాళ్లకి తెలియాలి కదా.